నిండు ఎరుపు

మా వర్క్‌షాపులో ఉలులకు గట్టిదనం ఎక్కించే కొలిమి పాతది. దానికి వేడి చూపే మీటరు లేదు, మా మావయ్య కళ్ళే మీటరు. ఉక్కు నిండు ఎరుపుకి రాగానే తీసి నూనెలో ముంచుతాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క ఉలి కూడా వెనక్కి రాలేదని చెప్పుకుంటూ మా బుర్ర తినేసేవాడు.

ఈ నెలలో ఏడు వెనక్కొచ్చాయి. అన్నిటికీ అంచు పగిలింది.

పరీక్ష చేయాల్సింది నేను. ఒక ముక్క కోసి, అద్దంలా మెరిసేదాకా రుద్ది, యాసిడ్ పూసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మంచి ఉలిలో సూదుల్లాంటి గీతలు ఉన్నాయో లేవో అన్నంత సన్నగా అల్లుకుని ఉంటాయి. ఇవి చీపురుపుల్లల్లా ఉన్నాయి. ఎక్కువ కాలిస్తే ఉక్కులోని రేణువులు పెద్దవైపోతాయి. నూనెలో ముంచగానే వాటిలో ఇలాంటి ముతక సూదులే పుడతాయి, ఉలి ఒక్క దెబ్బకే పగులుతుంది. అంటే తప్పు మావయ్యదే.

రిపోర్టు అలా వస్తే ఆయన్ని ప్యాకింగులోకి మార్చేస్తానని ఓనరు ముందే చెప్పాడు. మావయ్యని కొలిమి దగ్గర్నుంచి లేపడమంటే ప్రాణం తీసినంత పని. నాకు బాధా వేసింది, ఒళ్ళూ మండింది.

గట్టిగా కడిగేద్దామని కొలిమి దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు సందులోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. ఇంకా తీయవేమంటే రంగు రాలేదన్నాడు. ఈమధ్య ఉక్కు తొందరగా ఎర్రబడటం లేదట, సరుకు మార్చారేమోనని నసిగాడు. వంగి చూస్తే నాకూ మసక ఎరుపుగానే కనిపించింది. నా కళ్ళకేం రోగం లేదు.

తల పైకెత్తాను. పోయిన నెల ఓనరు షెడ్డంతా పెట్టించిన కొత్త లైట్లు కళ్ళు జిగేల్‌మనేలా వెలుగుతున్నాయి. వెళ్ళి స్విచ్చులన్నీ ఆపేశాను. ఆ మసకలో ఉక్కు భగభగలాడే నారింజ రంగులో ఉంది. నిండు ఎరుపు ఎప్పుడో దాటిపోయింది.

మావయ్య బల్ల మీద కూలబడ్డాడు. నవ్వుతాడనుకున్నాను, కళ్ళు తుడుచుకున్నాడు.

"నా చూపు పోతోందనుకున్నానే. మీ అత్తక్కూడా చెప్పలేదు."

రిపోర్టులో లైట్ల సంగతే రాస్తానని, ఆయన పేరెత్తనని అన్నాను.

"నా పేరూ రాయి," అన్నాడు మావయ్య. "కళ్ళ మీద అనుమానం వచ్చాక కూడా నెల్లాళ్ళు కొలిమి వదల్లేదు. ఆ తప్పు లైట్లది కాదు."