దించని గిన్నె

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు నాకింకా కుదరవు, ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. యాభై దాటాక అక్షరాలు దిద్దాను. దిద్దించిన పిల్ల ఈ కథలోనే ఉంది.

కొత్తగూడ ఫ్లైఓవర్ కింద పొద్దున్నే కూలీలం నిలబడతాం. దాన్ని అడ్డా అంటాం. ఆ శనివారం మేస్త్రీ రాజు ట్రాలీ ఆటో తెచ్చి, "సామాన్లు మోసే పని, ఎక్కున్రి" అన్నాడు. నేనూ, కమలమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్లమూ ఎక్కాం. వారం నుంచి పని లేదు. ఏం సామాన్లని ఎవరమూ అడగలేదు.

ఖాజాగూడ దాటి, రాళ్ల గుట్టల వెనక ఒక కుంట పక్కన దింపాడు. పోలీసులున్నారు. జేసీబీ ఉంది. ఎదురుగా వరసగా రేకుల గుడిసెలు. గుడిసెల్లో సామాన్లు మేము బయట పెట్టాలి, తర్వాత జేసీబీ కూల్చాలి. అదీ పని.

"ఇదేం పని రాజూ? నువ్వు జెప్పింది గిదా?" అంది కమలమ్మ.

"మోసేది సామాన్లే గదనే? జర జల్ది కానియ్యున్రి. సారు పరేషాన్ అయితుండు."

సారంటే గుడిసెలు తీయించడానికి వచ్చిన ఆఫీసరు, పేరు విశ్వేశ్వరరావు. చెడ్డమనిషిలా లేడు. "చెరువుల్ని కాపాడుకోవాలి కదమ్మా! ఊరు పెరుగుతోంది, రేపు నీళ్లెక్కడివండీ?" అని గుడిసెలవాళ్లకు నచ్చజెబుతున్నాడు.

మొదటి గుడిసె ముందు పొయ్యి దగ్గర ఒక పడుచుపిల్ల కూర్చుని ఉంది. పేరు భవాని. మొగుడు రమేష్ కుంట అవతల లేచిన టవర్‌లో సెక్యూరిటీ గార్డు. ఆ టవర్ వైపే చేయి చూపింది.

"గది గూడ కుంటలనే కట్టిండ్రు గద సారూ! ముందుగాల అటు పోయి రాన్రి."

"దానికి పర్మిషన్లున్నాయమ్మా."

"మాకూ ఇయ్యున్రి మరి. మాది గంత ఎత్తు గూడ లేకపాయె."

ఒక కానిస్టేబుల్ నవ్వి మూతి తుడుచుకున్నాడు. భవాని నవ్వలేదు. "సోమారం కోర్టుల మా కేసున్నది సారూ. రెండొద్దులు ఆగున్రి."

"ఆగమని నాకు ఆర్డర్ లేదమ్మా. చీకటి పడేలోగా ఖాళీ చేయించాలి."

చీకటి పడితే కూల్చరు, మరునాడు ఆదివారం. ఆ ఒక్క పగలు గడిస్తే కోర్టు దాకా గుడిసెలు నిలుస్తాయి. అది భవానికీ తెలుసు, సారుకీ తెలుసు.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మా పాలమూరు వైపు ఉడికే గిన్నెను దించి ఎవరినీ ఇల్లు కదిలించరు. అప్పులవాడు కొట్లాటకొచ్చినా గంజి వార్చేదాకా బయట కూర్చుంటాడు. కాదని దించిన చేతికి మళ్లీ అన్నం పుట్టదని మా అత్త అనేది. మేమెవరమూ గుడిసెలోకి అడుగు పెట్టలేదు. జేసీబీ డ్రైవర్ కూడా మా వైపువాడే. ఇంజిన్ ఆపి, "అన్నం కానియ్ చెల్లె" అని బీడీ ముట్టించాడు.

"ఎంతసేపండీ?" అన్నాడు సారు.

"అయిపోవచ్చింది సారు" అన్నాడు రాజు.

గిన్నె పొంగింది. భవాని మూత తీసింది. చెంబుడు నీళ్లు పోసింది.

రాజు చూశాడు. "నీళ్లు వోస్తున్నది సూడు! మణెమ్మా, గా గంజు దించు."

నేను కదలలేదు.

"నిన్నే! దించుతవా లేదా? దించకుంటే అడ్డా మీద నీ మొఖం సూడ. ఏ మేస్త్రీ బండి ఎక్కుతవో నేనూ సూస్త."

అన్నంత పనీ చేస్తాడు. నా భర్త కొమురయ్య కోకాపేటలో సెంట్రింగ్ మీంచి పడి చనిపోయాక నాకు మొదట పని చూపించినవాడూ రాజే. చెంగు చేతులకు చుట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాను.

"అక్కా" అంది భవాని.

ఆవిరి ముఖానికి కొట్టింది. పక్కనే సెంట్రింగ్ చెక్క ముక్క పడి ఉంది. దాన్ని తీసి పొయ్యిలోకి తోశాను. నా సద్దిడబ్బా విప్పి అందులోని అన్నం గిన్నెలో వేశాను.

"ఇది గూడ ఉడకాలె" అన్నాను.

"అయితే నాది సల్లగనే తినాల్నా?" అంటూ కమలమ్మ తన డబ్బా పట్టుకుని రెండో గుడిసెకు నడిచింది. "ఓ పిల్లా, పొయ్యి ముట్టియ్యి!"

ఆ తర్వాత మూడో గుడిసె, నాలుగో గుడిసె. కాసేపటికి కుంట గట్టంతా పొగ. బియ్యం లేనివాళ్లు ఉత్త నీళ్లే పెట్టారు.

"ఏంటండీ ఇది!" సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"లోపల గ్యాస్ పొయ్యిలు గూడ ముట్టిచ్చిండ్రు సారు. నేనైతే మిషన్ ముట్ట. అంటుకుంటే నా పానం మీదికొస్తది" అన్నాడు డ్రైవర్.

కానిస్టేబుల్ ఒకడు లాఠీతో ఒక గిన్నెను తోశాడు. అన్నం మట్టిలో పడింది. ఆ గిన్నె గల ముసలామె వంగి మెతుకులు ఏరుకుంటుంటే తక్కిన పోలీసులు తలలు తిప్పుకున్నారు. "వద్దు, ఆపండి" అన్నాడు సారు. పక్కకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు.

"అవునండీ... వంటండీ... లేదండీ, అందరూనండీ!"

అవతలివాళ్లు ఏం తిట్టారో, చాలాసేపు ఫోన్ చెవికే ఆనించుకుని నిలబడ్డాడు. మేము చెక్కలు తోస్తూ, నీళ్లు పోస్తూ పొద్దు వైపే చూశాం. చెక్కలు అయిపోతే భవాని మంచం కోడు విరిచి ఇచ్చింది.

అవతలి టవర్‌లో లైట్లు వెలిగాయి. సారు జీపెక్కాడు. రాజు నా వైపు చూసి ఉమ్మేసి, ట్రాలీ ఖాళీగా తోలుకుపోయాడు. అప్పుడు గిన్నె దించాం. అన్నం జావైపోయింది. ఉప్పు వేయడం అందరమూ మరిచిపోయాం. అలాగే తిన్నాం.

కోర్టు ఇంకా వాయిదాలు వేస్తూనే ఉంది. రాజు మాత్రం అన్న మాట తప్పలేదు. కిరాయి కట్టలేక కొత్తగూడలో గది ఖాళీ చేశాను.

మణెమ్మ, యాభై నాలుగేళ్లు. భవాని గుడిసె పక్క గుడిసె, కుంట గట్టు, ఖాజాగూడ దాటాక.