బానెట్ మీది హారతి పళ్లెం

జనార్దన్ సార్ జీపును ఇరవై రెండేళ్లుగా నేనే నడుపుతున్నాను. దాని దగ్గూ మూలుగూ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. అన్నీ తెలిసి నోరు మూసుకున్నవాణ్ణి కూడా నేనే.

తాండూరులో మెకానిక్ నిసార్ తన షెడ్డులో ఆ జీపు ఇంజన్‌ను మొత్తం విప్పి, పదిహేను రోజులు కష్టపడి బాగుచేశాడు. పని నచ్చితే తన బండల ఫ్యాక్టరీ టిప్పర్లు ఆరూ అతనికే అప్పజెబుతానని సార్ మాటిచ్చాడు. ఆ మాట నమ్మి నిసార్ మిగతా బళ్లన్నీ వెనక్కి పంపేశాడు.

బండి ఇంటికొచ్చిన రోజు పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. సార్ భార్య అరుణాదేవమ్మ హారతిచ్చి, పళ్లెం బానెట్ మీద పెట్టి కొబ్బరికాయ అందుకోబోయింది. స్టీరింగ్ ముందు కూర్చున్న కొడుకు ప్రణయ్‌కి ఫోన్లో వీడియో కావాలి. న్యూట్రల్‌లోనే యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కాడు. బండి ఓ పక్కకి ఒరిగి ఊగింది. పళ్లెం జారి కిందపడి దీపం ఆరిపోయింది.

"నిలవడ్డ బండి ఊగుడేందిరా? ఇంజన్ కింద పాత రబ్బర్లే ఏశినవా?" పూజకు వచ్చి పక్కనే నిలబడ్డ నిసార్ మీదికి లేచాడు సార్.

"కొత్తయే సార్. ఇంజన్ ఒక్కసారి జోరుగ ఒక దిక్కు తిరిగితె, బాడీ రెండో దిక్కు ఒరుగుతది. మీ ఫ్యాక్టరీల బండలు కోసే చేతి మిషన్ బటన్ నొక్కంగనె చేతిల మెలి తిరుగదా? గిది గంతే. కింద స్ప్రింగులున్నయి గనక ఊగుతది. గిది రోగం కాదు సార్. బాలన్నా, జర నువ్వన్న చెప్పు."

అందరూ నా వైపు చూశారు. ఆ కొత్త రబ్బర్లు దుకాణంలో కొని తెచ్చింది నేనే. కానీ నిజం చెబితే తప్పు ప్రణయ్ మీదికి పోతుంది.

"నాకేం తెలుస్తది సార్" అన్నాను.

టిప్పర్లు వికారాబాద్ మెకానిక్ ఒకడికి పోయాయి. జీపూ అక్కడికే పోయింది. రెండు రోజులకు తిరిగొచ్చింది. ప్రణయ్ ఎంత తొక్కినా బానెట్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు తొణకలేదు. "పనంటె గిది!" అని సార్ మురిసిపోయాడు. తర్వాత బానెట్ ఎత్తి చూశాను. ఆ మహానుభావుడు చేసిందల్లా యాక్సిలరేటర్ కేబుల్ వదులు చేయడమే. ఎంత తొక్కినా సగమే అందుతుంది. ఇంజన్‌కి జోరు లేదు, బండికి ఊపు లేదు. బానెట్ దించేసి నా పని నేను చూసుకున్నాను.

వారం తిరక్కుండా అందరం వికారాబాద్ బయల్దేరాం. అనంతగిరి ఘాట్‌లో జీపు ఫస్ట్ గేర్‌లో కూడా ఎక్కనంది. వెనక బస్సులు ఒకటే హారన్. వికారాబాద్ మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. సార్ గొంతు తగ్గించి, "నిసార్‌కు చెయ్యి" అన్నాడు.

గంటలో స్కూటర్ మీద వచ్చాడు. స్పానర్‌తో కేబుల్ బిగించాడు. నేను స్టార్ట్ చేసి తొక్కితే బండి ఊగింది. అరుణాదేవమ్మ కెవ్వుమని తలుపు పట్టుకుంది.

"ఊగితెనే ఎక్కుతదమ్మా" అన్నాడు నిసార్.

ఎక్కింది. పైకి చేరాక సార్ ఆపమన్నాడు. నిసార్ కూడా వెనకే వచ్చి స్కూటర్ ఆపాడు.

"గుట్ట ఎక్కినం గద. మళ్ల లూజు చెయ్యి. అమ్మ భయపడుతది" అన్నాడు సార్.

"నా చేతులతోని గా పని చెయ్యను సార్." నిసార్ స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు చెయ్యన్నా. నీకేం తెలువది గద."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా బానెట్ ఎత్తాను, కేబుల్ వదులు చేశాను.

"ఇప్పుడు మంచిగుందా?" సార్ అడిగాడు.

"మంచిగుంది సార్" అన్నాను.