ఉలికిపాటు

పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగుకి ఆనించి, దాని చెక్కపిడిని చెవికి అదిమిపెట్టి, మేస్త్రి పికప్ బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఊఁ, కానీ!"

పైన డ్రైవరు గేరు రివర్సు నుంచి ఫస్టుకి మార్చి క్లచ్చి కొద్దిగా వదిలాడు. చక్రాలకి అడ్డం పెట్టిన దిమ్మలు కదిలాయి. బండి ఒళ్లు విరుచుకున్నట్టు ఊగింది. మేస్త్రి దవడకి చిన్న వణుకు తెలిసింది. అంతే.

"విన్నావా మేస్త్రీ? మళ్లీ ఠంగుమంది!"

"ఆఁ... విన్నాను," అన్నాడు.

డ్రైవరుని షెడ్డులో అందరూ హారన్ అంటారు. పక్కనున్నవాడితో గుసగుసలాడినా పక్కవీధిలో వాళ్లు జవాబు చెబుతారు. మేస్త్రికి ఈమధ్య అతనంటే అభిమానం పెరిగింది. ఏ మాటా రెండోసారి అడగక్కర్లేదు.

పొద్దున్నే, ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి అందించే ప్రొపెల్లర్ షాఫ్టు దింపి, చీలమండలాంటి దాని కీలులో క్రాస్ అనే ముక్క కొత్తది వేశాడు. పాతది కాస్త వదులుగానే ఉంది. చాలా బళ్లకి అదే రోగం. కానీ చప్పుడు పోలేదట. పోలేదని హారన్ చెబితేనే తెలిసింది.

ఒకప్పుడు ఆయన పేరే చెవి మేస్త్రి. మిగతావాళ్లు ముందు విప్పి తర్వాత వెతికేవాళ్లు. ఈయన ముందు వినేవాడు. గురువు ఇచ్చిన ఆ స్క్రూడ్రైవరు తప్ప వేరే ఆస్తి ఆశించలేదు, ఎక్కడికీ వెళ్లనూ లేదు. ఇల్లు, షెడ్డు, మధ్యలో ఒక మలుపు. ఆ మధ్య ముసురు పట్టినప్పటి నుంచి చప్పుళ్లు ఒక్కొక్కటే ఆయన్ని వదిలిపోతున్నాయి. ముందు ఫోను మోత, తర్వాత కుక్కరు కూత, ఆ తర్వాత నట్టు బిగిసేటప్పటి కిరకిర. ఇంట్లో చెబితే భార్య నవ్వేసింది. "నేను చెప్పింది మీరెప్పుడు విన్నారు గనక! పెళ్లినాటి జబ్బేగా."

మేస్త్రి బయటికి వచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడుచుకున్నాడు. సాయంత్రం ఈ బండి క్యాబేజీ లోడుతో కొండ దిగాలి. ముందు సీట్లో హారన్ భార్య, ఆమె ఒళ్లో మెడ ఇంకా సరిగ్గా నిలవని పిల్లాడు. ఇంట్లో చూసే మనిషి లేక ఎక్కడికైనా ముగ్గురూ కలిసే తిరుగుతారు.

"ఆగినప్పుడల్లా, కదిలినప్పుడల్లా వీడు ఉలిక్కిపడుతున్నాడు బాబాయ్," అందామె కిటికీలోంచి. "అదేదో ఊడిపోతే ఏమవుతుంది?"

"ఊడదు లేవే!" అన్నాడు హారన్. "దీనికి టైరులో గాలి తగ్గినా నిద్ర పట్టదు మేస్త్రీ."

దిగుడులో ఊడితే ఏమవుతుందో మేస్త్రి ఒకసారి చూశాడు. ఈసారి కిందికి దూరకుండా తలుపు దగ్గరే నిలబడి, "ఇంకోసారి కానీ," అన్నాడు.

పిల్లాడు నిద్రలోనే రెండు చేతులూ విసిరి గాలిని పట్టుకోబోయాడు.

"ఉంది," అన్నాడు మేస్త్రి. "ఇంకోసారి."

మళ్లీ రెండు చేతులూ.

ఆమె మేస్త్రి వైపు కాసేపు చూసింది. మొగుణ్ని వేడినీళ్లు పట్టుకురమ్మని టీకొట్టుకి పంపించింది. తర్వాత ఆయన చెవి దాకా వంగింది.

"మీరు బండిని చూడట్లేదు బాబాయ్. మావాణ్ని చూస్తున్నారు."

మేస్త్రి ఆ గుడ్డని మడత పెట్టాడు, విప్పాడు.

"వినబడట్లేదమ్మా," అన్నాడు చివరికి. "మీ ఆయనకి చెప్పకు."

"చెప్పను. కానీ ఆ కొత్తది చప్పుడు విని వేశారా, ఊహించి వేశారా?"

"ఊహించే."

ఆమె పిల్లాణ్ని ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది. కోపం వచ్చిందనే అనుకున్నాడు.

"అయితే నేను చెబుతా వినండి. రోజంతా ఈ సీట్లోనేగా నా సంసారం. చప్పుడు మీరు పడుకున్న చోట పుట్టదు. నా వెనక, ఎడమ చక్రం దగ్గర. ముందు మూలుగుతుంది, ఆ తర్వాత కొడుతుంది."

"మూలుగుతుందా?"

"ఊఁ. ముసలాయన లేచినట్టు."

గుడ్డ జారి కిందపడింది. క్రాస్ అరిగితే మూలగదు, నేరుగా కొడుతుంది. మేస్త్రి వెనక చక్రం పక్కన దూరి, కమాను పట్టీలు ఇరుసు మీద కూర్చునే చోట అరచెయ్యి ఆనించాడు. హారన్ రాగానే "కానీ!" అని కేకేశాడు. అరచేతి కింద ఇరుసు, పడుకున్న గేదె పక్కకి ఒత్తిగిలినట్టు మెదిలింది. పానా పెట్టీ పెట్టకముందే నట్టు తిరిగింది.

"ఒరేయ్ హారన్! కొత్త పట్టీలు వేసినప్పుడు ఏం చెప్పాను? మొదటి లోడు దింపగానే వచ్చి బోల్టులు మళ్లీ బిగించుకోమన్నానా లేదా? కొత్త పట్టీలు బరువుకి సర్దుకుంటాయిరా, బోల్టులు వదులవుతాయి!"

"అన్నావు మేస్త్రీ. ఆ లోడు దింపుతుంటేనే ఆస్పత్రి నుంచి ఫోను. వీడు పుట్టాడు."

"నీ మతిమరుపుకి నా కొడుకు పేరా!" అంది భార్య.

మేస్త్రి బోల్టులన్నీ కొత్తవి వేశాడు. ఒకటి తర్వాత దానికి ఎదురుది, కొంచెం కొంచెంగా బిగించాడు. అయిపోయాక మొదటి నుంచీ మళ్లీ చూశాడు. షెడ్డు వెనక ఎత్తులో బండి ఎక్కించి, ఆపి, దింపించాడు. ఆయన చూపంతా పిల్లాడి చేతుల మీదే. పిడికిళ్లు విడలేదు. పెదాలు మాత్రం పాలు తాగుతున్నట్టు కదిలాయి.

"లేదు," అందామె. ఆ మాట ఆయన ఆమె నోటి మీద చూశాడు.

బండి వెళ్లిపోయాక, షెడ్డు నడిపే మేనల్లుడు ఇంకో బండి బానెట్టు ఎత్తి చెయ్యి ఊపాడు. "మామయ్యా, ఈ ఇంజను ఓసారి విను. ఏదో తేడాగా ఉంది."

మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించాడు. చప్పుడే లేదు, ఎంత హాయిగా ఉందో. ఇది బాగుంది, దాని పక్కది బాగుంది, రోడ్డు మీద పోయేవన్నీ బాగున్నాయి. ఇకమీదట ఆయనకి ఏ బండీ చెడిపోదు. స్క్రూడ్రైవరుని చెవి నుంచి తీసి ఇంజను పక్కన పెట్టేశాడు.

"నా చెవులు పోయాయిరా," అన్నాడు. "చాన్నాళ్లయింది. రేపట్నుంచి రాను."

మేనల్లుడు ఇంజను ఆపాడు. ఏదో అన్నాడు, చెయ్యి కూడా పట్టుకున్నాడు. మేస్త్రి నవ్వి, సబ్బుతో గోళ్ల దాకా కడుక్కుని, చొక్కా మార్చుకుని, రోజూ వెళ్లే మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

బానెట్టు కింద, ఇంజను పక్కన స్క్రూడ్రైవరు ఉండిపోయింది. దాని చెక్కపిడి మీద ఒకవైపు, చెవి ఆనీ ఆనీ నున్నగా అరిగిన చిన్న గుంట.