అడుగెయమ్మ

"నువ్వు నా భార్యవని అక్కడ ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు రాజేందర్.

నేనప్పుడు ముక్కుకు కొంగు చుట్టుకుని కారం జల్లెడ పడుతున్నాను. అడవి యాత్రకు కారం, ధనియాల పొడి, పుట్నాల పొడి, చింతపండు గుజ్జు అన్నీ లాలాగూడలోని మా ఇంట్లోనే తయారవుతాయి. సరిగ్గా వినలేదేమో అనుకుని తలెత్తి చూశాను. సరిగ్గానే విన్నాను.

"పోయినసారి వచ్చినోళ్ళు ఆన్‌లైన్ల ఏం రాసిండ్రో ఎరికేనా? ఓనర్ పెండ్లాన్ని తెచ్చి వంట చేపిస్తుండు, ఆమె మొఖం జూస్తే తినబుద్ధి గాలేదు అని రాసిండ్రు. గదేం పేరు మనకు? ఈసారి ప్రొఫెషనల్‌గ ఉండాలె. వంటామెను పెట్టుకున్న అని చెప్త. నువ్వు నన్ను సార్ అను. గంతే."

వాళ్ళకు తినబుద్ధి కానిది నా ముఖం చూసి. ఆ ముఖం ఎందుకట్లా ఉందని ఈయనకు అనుమానం రాలేదు. ముఖాన్ని దాచేస్తే సరిపోతుందనుకున్నాడు. అంతలోనే గొంతు మార్చాడు. "గుట్టుగ ఉన్నవనుకో, ఆఖరి రోజు పొద్దుగాల నిన్ను సుత అడవిలకు తీస్కపోత. ఒట్టు."

నాకు ఏ ఎర వేయాలో ఈయనకు బాగా తెలుసు. మారేడ్‌పల్లిలో ఈయన ఆఫీసు బోర్డు మీద "ఇంటి భోజనంతో అడవి యాత్ర" అని రాసి ఉంటుంది. ఆ ఇంటి భోజనం నేనే. పడమటి కనుమల్లో ఇప్పటికి ఎన్ని అడవులకు పోయానో లెక్క లేదు. ఒక్క అడవి కూడా చూడలేదు. వచ్చిన అతిథులంతా జలగలు ఎక్కకుండా పొడుగు మేజోళ్ళు తొడుక్కుని వరసగా చెట్ల మధ్యకు పోతారు, నేను వంట షెడ్డులో వంకాయలు తరుగుతాను. తిరిగొచ్చి అన్నం తింటూ చూసినవన్నీ చెప్పుకుంటారు. నేను వడ్డిస్తూ వింటాను. ఇంటికి వచ్చాక నా కూతురు సృజన ఏం చూశావమ్మా అనడిగితే, పచ్చటి పాము కొమ్మలా వేలాడిందనీ, పెద్ద ముక్కు పక్షి ఎగిరితే రైలు పోయినట్టు చప్పుడైందనీ చెప్తాను. అవన్నీ ఎవరెవరి నోట్లోంచో రాలిన మెతుకులు. అవి ఏరుకొచ్చి బిడ్డకు పెడుతున్నానన్న సంగతి ఆ పిల్లకు తెలియదు. ఒక్కసారి, ఒక్క గంట, నా కళ్ళతో చూసి చెప్పాలని నా కోరిక. అంతకంటే పెద్దదేమీ కాదు. కానీ ఆ మాట నేను నోరు తెరిచి ఎన్నడూ అడగలేదు. అడగడం మా ఇంట్లో లేదు. పెళ్ళైన కొత్తలో గాజులు కావాలని అడిగితే మా అత్త విమలమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి చూసింది. "మా ఇంట్ల ఆడోళ్ళు అడగరు. తెస్తే తొడుక్కుంటరు. గీ అలవాటు మీ అవ్వగారింట్ల ఇడిసిపెట్టి రా" అంది. విడిచిపెట్టే వచ్చాను. ఎంత బాగా విడిచిపెట్టానంటే, బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరైనా కూర్చోమనే దాకా కూర్చోను.

కన్నడ సీమలోని మలెనాడులో దిగేసరికి ఆకాశం చిల్లు పడినట్టు వాన. అతిథులకు ముందువైపు గదులు ఇచ్చారు. వెనకాల రేకుల వంట షెడ్డు, దాని పక్కన ఒక స్టోరు, దాన్ని ఆనుకుని రాజేందర్ గది. "మా వంటామె ఊర్మిళ. చెయ్యి మస్తుంటది" అని అందరికీ చెప్పాడు. వంటామె స్టోరులో పడుకుంటుందని కూడా చెప్పాడు. ఆ స్టోరులో బియ్యం సంచుల మధ్య కాలు చాపే జాగా లేదు, గోడల మీద తడికి జలగలు పాకుతున్నాయి. చీకటి పడ్డాక "రా, ఎవరు జూస్తరు" అని ఈయనే పిలిచాడు. పగలు సార్, రాత్రి మొగుడు. తెల్లవారకముందే లేచి ఆయన గదిలోంచి షెడ్డులోకి దొంగలాగా నడిచేదాన్ని. ఇరవై ఏళ్ళ నుంచి పక్కన పడుకునే మనిషి గదిలోంచి.

మొదటి పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే గడప దగ్గర ఒక మగగొంతు గట్టిగా పిలిచింది.

"అడుగెయమ్మా!"

చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. అక్కడి గైడు మంజప్ప. తెలుగు రాదు, కన్నడమే. రాజేందర్ తల్లిగారి ఊరు బీదర్ కనుక కన్నడం వచ్చు. నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఈ ముక్క అర్థమైంది. అడుగే అమ్మా, అంటున్నాడు. ఏం అడగాలి? నేను గుడ్లప్పగించి చూస్తుంటే అతను ఫ్లాస్కు ముందుకు చాపి వేడినీళ్ళు పొయ్యమని చేత్తో చూపించాడు. పోశాను. వెళ్ళిపోయాడు. నన్ను అడగమని తనే అడిగి పోయాడు, అందరు మగవాళ్ళలాగే, అనుకున్నాను.

కానీ ఆ మాట పోలేదు. ఉప్మా కలుపుతుంటే చెవిలోనే ఉంది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు, "అడుగెయమ్మా!" సాయంత్రం గొడుగు దులుపుతూ మళ్ళీ, "అడుగెయమ్మా!" పుట్టి బుద్ధెరిగాక నాకు అడగకు, అడగొద్దు, ఏం అడుగుతావ్ అన్నవాళ్ళే తప్ప అడుగమ్మా అన్న మనిషి లేడు. ఇతనికి నేనెవరో తెలియదు. నా ముఖం కూడా సరిగ్గా చూడడు, చూపంతా గిన్నెల మీదే. ఐనా నాకు అడగాలని ఉందని ఎట్లా కనిపెట్టాడు? నవ్వొచ్చింది, సిగ్గేసింది. రెండో రోజుకు ఆ పిలుపు కోసం చెవి రిక్కించడం మొదలుపెట్టాను. పాత్రలు తోముతూ నేను అడగకుండా మింగినవన్నీ పైకి తీసుకున్నాను. ఈయన నా చెవి కమ్మలు అమ్మి ఆఫీసుకు కంప్యూటర్ కొన్నప్పుడు అడగలేదు. బోర్డు మీద ఈయన పేరే ఎందుకుందని అడగలేదు. నడుము పట్టేసిన రోజు కూడా పదిమందికి రొట్టెలు చేస్తుంటే, ఎందుకు చేస్తున్నానని నన్ను నేనే అడగలేదు.

ఆ రెండో రోజు పొద్దున్నే మేబెల్ మేడం నన్ను చూసింది. మారేడ్‌పల్లిలో ఉంటుంది, రిటైరైన టీచరు, ఒంటరిగా వచ్చింది. పక్షుల కోసం అందరికంటే ముందు లేచి మెడలో దుర్భిణి వేసుకుని తిరుగుతుంది. నేను రాజేందర్ గది తలుపు చప్పుడు కాకుండా వేసి, జుట్టు ముడేసుకుంటూ తిరిగేసరికి ఎదురుగా ఉంది. గుడ్ మార్నింగ్ అనలేదు. టిఫిన్ దగ్గర ప్లేటు నా చేతికి తగలకుండా అందుకుంది. తర్వాత షెడ్డు దాకా వచ్చి, ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే, "వంట మాత్రమే అనుకున్నా. అన్ని పనులూ బాగానే చేస్తున్నట్టున్నావ్" అంది.

నేను ఆయన పెళ్ళాన్ని మేడం, అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. నాలుక దాకా వచ్చింది. గుట్టుగా ఉంటేనే అడవి. ఒక్క గంట అడవి కోసం ఆ మాటను ఉమ్మితో పాటు మింగాను. నా పరువు నేనే తాకట్టు పెట్టుకున్నాను, ఈయన ఒట్టును నమ్మి.

ఆ రోజు వాళ్ళు నల్లకోతుల గుంపును చూసొచ్చారు. ముఖం చుట్టూ తెల్లటి జూలు, సింహం తోకట. ఏ.ఎస్. రావు నగర్ నుంచి వచ్చిన పద్మనాభం గారు పప్పు కలుపుకుంటూ, "పిల్లని కడుపుకి హత్తుకుని కొమ్మ మీంచి కొమ్మకి దూకేస్తందండీ తల్లి! ఎవరి పర్మిషనూ అక్కర్లేదు దానికి" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఆయనకు నెయ్యి వేశాను.

ఆఖరి సాయంత్రం, వరండా చివర చిన్న గ్యాసు పొయ్యి పెట్టి మిరపకాయ బజ్జీలు వేయమన్నాడు రాజేందర్. వేడివేడిగా పళ్ళెంలో పడాలట. అతిథులు కుర్చీలేసుకుని వాన చూస్తున్నారు. పిండి కలుపుతున్న నా దగ్గరికి వచ్చి వంగి మెల్లగా అన్నాడు.

"రేపు కుదరదు."

"ఒట్టేసిండ్రు గద?"

"నీ ఒంటి నిండ పోపు వాసన. జంతువులు ఆమడ దూరం ఉరుకుతయ్. అయినా మేబెల్ మేడం సుత అన్నది, వంటామెను గిట్ల తెస్తే నేను రాను అని. కస్టమర్ మాట ఇనాలె గద! నువ్వొస్తే టిఫిన్ ఎవరు జేస్తరు? పరేషాన్ చెయ్యకు."

ఈయన పెట్టిన వాసన. ఈయన చెప్పిన అబద్ధానికి పుట్టిన అసహ్యం. రెండూ తెచ్చి నాకే లెక్క కట్టి అటు తిరిగిపోయాడు, పద్మనాభం గారి జోకుకు నవ్వడానికి. నా చెయ్యి ఆగలేదు. పిండిలో ముంచడం, నూనెలో వదలడం. మనసు ఎంత మండినా చేతులు పని చేస్తూనే ఉంటాయి, అదే నాకు నా చేతుల మీద కోపం.

అప్పుడే మంజప్ప మెట్లెక్కి వచ్చాడు. తడిసిపోయి ఉన్నాడు, చాయ్ కావాలనుకుంటా. "అడుగెయమ్మా!"

"అడుగుత" అన్నాను. గరిటె పక్కన పెట్టాను. "రేపు పొద్దుగాల నేను సుత వస్త. నన్ను అడవిలకు తీస్కపోతవా?" అడవి వైపు, నా వైపు వేలు చూపించి గట్టిగానే అడిగాను.

మంజప్ప తెల్లముఖం వేశాడు. రాజేందర్ గిర్రున తిరిగాడు. "ఏందే, నిన్నెవరు అడగమన్నరు?"

"ఈయనే. వచ్చిన కాన్నుంచి పొద్దూ మాపూ అడుగు అడుగు అంటనే ఉన్నడు."

ఒక క్షణం రాజేందర్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అరె, కన్నడంల అడుగె అంటే వంట! అడుగెయమ్మ అంటే వంటామె! వంటామే, చాయ్ తే అంటుండు. ఈమె ఏమో దేవుడొచ్చి వరం అడగమన్నడు అనుకుంది!"

వరండా అంతా గొల్లుమంది. "అబ్బబ్బ, ఏం జోకమ్మా! మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాల్సిందే" అని పద్మనాభం గారు కళ్ళు తుడుచుకున్నారు. రాజేందర్ కన్నడంలో చెప్పేసరికి మంజప్ప కూడా నవ్వాడు. నా చెవులు కాలిపోతున్నాయి. నాకు అడుగమ్మా అని చెప్పిన ఒక్క మనిషీ చెప్పలేదన్నమాట. అందరిలాగే వంట అనే పిలిచాడన్నమాట.

మేబెల్ మేడం మాత్రం నవ్వలేదు. "పాపం, అడవికి రావడానికి ఇంత మొహమాటమా? మిగతావాటికి లేదే!" అంది.

"ఏమైంది మేడం?" అన్నాడు రాజేందర్, నవ్వు ముఖంతోనే.

"మిస్టర్ రాజేందర్, ఇది డీసెంట్ మనుషులు వచ్చిన టూర్. రోజూ పొద్దున్నే మీ వంటమనిషి మీ రూమ్‌లోంచి బయటికి వస్తుంటే మేం కళ్ళు మూసుకోవాలా?"

అందరి చూపులు ముందు నా మీద పడ్డాయి, తర్వాత ఆయన మీద. రాజేందర్ మేడం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఆ ముఖం నాకు తెలుసు. రెండు నష్టాల్లో ఏది చిన్నదో తూచేటప్పుడు అట్లా అవుతుంది.

"ఛ ఛ, గట్లేం లేదు మేడం" అన్నాడు చివరికి. "ఆమె... నా భార్య."

"భార్యా? మరి వంటామె అని పరిచయం చేశారేంటండీ?" అన్నారు పద్మనాభం గారు.

"అదే సార్... ఊకెనే... బిజినెస్ గద." నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో వినని మెత్తటి గొంతు. "ఊర్మిళా, జెర చెప్పు మేడంకు. నా పెండ్లానివే గద? చెప్పు."

ఇప్పుడు ఆయన అడుగుతున్నాడు. నేను తల ఊపితే చాలు, మళ్ళీ మర్యాదస్తుడైపోతాడు. మేడం సారీ అంటుంది, పద్మనాభం గారు ఇంకో జోకు వేస్తారు, బజ్జీలు నడుస్తాయి. రేపు పొద్దున వాళ్ళు అడవిలోకి పోతారు, నేను, ఆయన భార్యను, పోపు పెడతాను. ఊపకపోతే మేబెల్ మేడం నన్ను ఏమనుకుంటుందో, రేపు మారేడ్‌పల్లిలో ఏమని చెప్తుందో అదీ తెలుసు. చెప్పనీ. ఆ ముద్ర ఈయన చేతుల మీదుగా పడ్డదే.

పొయ్యి ఆర్పాను. చేతులు తుడుచుకుని, ఖాళీగా ఉన్న కుర్చీని ముందుకు లాక్కుని వాళ్ళందరి మధ్య కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు.

"సార్ మొదాలు చెప్పిందే నిజం మేడం" అన్నాను. "నేను వంటామెనే. రేపు పొద్దుగాల అడవికి పోతున్న, టిఫిన్ మీరే జూస్కోండ్రి. భార్యనైతే పని మానేసే వీలు లేకుండె. వంటామెను గాబట్టి మానేసిన."