పాసు వాళ్ళకు తొలి గంట

అక్క నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లెక్కలు కడుతోంది.

"మీ బావ ఓడ దిగేసరికి నాలుగు నెలలు. చలికాలమంతా ఈ రెండు గదుల్లో ఈ ఇద్దరు రాక్షసులతో ఉంటే నాకు పిచ్చెక్కుతుందిరా. మీ రైడ్ల పార్కుకి ఏడాది పాసులు కొనేస్తాను. ఆరుసార్లు వెళ్తే గిట్టినట్టే."

ఆ గదులు పార్కు వాళ్ళవే. తమ్ముడు అక్కడ ఫిట్టరు.

"దండగక్కా. చలికి సగం రైడ్లు మూసేస్తారు."

"పెద్ద రోలర్ కోస్టరు నడుస్తోందిగా. పాసు ఉంటే గంట ముందే ఎక్కిస్తారట."

"ముందు సీటు నాది," అంది పెద్ద మేనకోడలు. చిన్నది దాన్ని తన్నింది.

బూటు లేసు విప్పుతున్న ఫిట్టరు చెయ్యి ఆగిపోయింది.

పొద్దున జనాన్ని ఎక్కించే ముందు కోస్టరు బండిని బరువుతో తిప్పి చూడాలి. మనిషంత బరువుండే నీళ్ళు నింపిన బొమ్మల్ని సీట్లలో కట్టి మూడు చుట్లు. చలికి బ్రేకుల మీద మంచు పేరుకుంటుంది. ఖాళీ బండి బుద్ధిగానే తిరిగొస్తుంది. బరువెక్కిన బండి ఏం చేస్తుందో తిప్పితేగాని తెలియదు. ఆ చలికే బొమ్మల్లో నీళ్ళు గడ్డకట్టి అవి పగిలిపోయాయి. కొత్తవి తెప్పించలేదు. సూపర్‌వైజరు తెలివైనవాడు. 'పాసు వాళ్ళకు తొలి గంట' అని బోర్డు పెట్టించాడు. బొమ్మల బదులు మనుషులు. అందరికంటే ముందు ఎక్కామని మురిసిపోయే మనుషులు. కాగితం మీద మాత్రం 'బొమ్మలతో మూడు చుట్లు తిప్పాం, బాగుంది' అని ఉంటుంది. కింద ఫిట్టరు సంతకం.

మొన్న బండి ఆగాల్సిన చోటు దాటి రెండు బారలు ముందుకొచ్చి ఆగింది. ఎక్కినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇదంతా అక్కకు చెప్పాడు. అక్క పెన్ను కింద పెట్టింది.

"సరే, మన పిల్లలు ఎక్కరు. రేపు ఎక్కేవాళ్ళ మాటేమిటి?"

"సంతకం పెట్టకపోతే ఈ గదులు ఉండవక్కా. నలుగురం మంచులో నిలబడాలి."

"నన్ను అడ్డం పెట్టుకోకు. నేనొచ్చి పది రోజులైంది. నువ్వెన్నాళ్ళనుంచి పెడుతున్నావు?"

"రెండు చలికాలాలు."

అక్క పిల్లలిద్దరినీ లాగి దగ్గర కూర్చోబెట్టుకుంది, తమ్ముడి నుంచే దాచుకుంటున్నట్టు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర పాసు వాళ్ళు ముప్పై మంది చలికి కాళ్ళు నేలకేసి కొడుతూ నిలబడ్డారు. సూపర్‌వైజరు కాగితం చాపాడు.

"కానీవయ్యా, జనం బిగుసుకుపోతున్నారు."

ఫిట్టరు రాశాడు: బొమ్మలు లేవు. పరీక్ష జరగలేదు.

సూపర్‌వైజరు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. కోపగించుకోలేదు. "ఇంట్లో అక్కా పిల్లలూ ఉన్నారటగా. ఈ చలిలో పిల్లలు తట్టుకోలేరు." పెన్ను రెండో ఫిట్టరుకిచ్చాడు. వాడు ఎవరి మొహమూ చూడకుండా కొత్త కాగితం మీద సంతకం గీకేశాడు.

రైడు కింద పనికి దిగే ఫిట్టరు మెయిన్ స్విచ్ ఆపి, దాని మీద తన సొంత తాళం వేస్తాడు. వేసినవాడే తియ్యాలి. లేదంటే కింద ఉన్నవాడు నుజ్జయిపోతాడు. మనవాడు తాళం వేశాడు, పట్టాల కిందికి దిగాడు.

నెత్తి మీద అడుగులు పరుగెత్తాయి. నవ్వులు. బెల్టులు టకటకా పడ్డాయి.

"స్విచ్‌కి తాళం ఎవడు వేశాడు?" సూపర్‌వైజరు గొంతు. "వాడా? కింద ఎవరూ లేరులే. కట్టరు పట్రా."

ఫిట్టరు పట్టాల కింది నుంచి అరిచాడు.

"దిగండి. బొమ్మలతో చెయ్యాల్సిన పరీక్ష మీతో చేస్తున్నారు. నేను కింద ఉన్నాను. దిగండి."

పైన నవ్వులు ఆగాయి. ఒక బెల్టు ఊడిన చప్పుడైంది. ఒక్కటే. మిగతావాళ్ళు ఏదో గుసగుసలాడుకుంటున్నారు. అవతల కట్టరు పళ్ళు తాళాన్ని కొరకడం మొదలుపెట్టాయి.