కాళ్లు రుద్దే రాయి

నల్లరంగు తొట్టిలో మోకాళ్లదాకా దిగి బట్ట తొక్కుతున్నాడు రంగుమేస్త్రి. కుడికాలు, ఎడమకాలు, మళ్లీ కుడికాలు. ముప్పై ఏళ్లుగా ఇదే నడక. అంత దూరం దారిన పడి నడిచుంటే దేశాలే దాటేసేవాడు, ఈయన తొట్టి దాటిందేమీ లేదు. పాదాలకు ఏ వారం రంగు ఆ వారానిది.

పక్క తొట్టిలోని బావమరిది వేళాకోళం మానడు.

"ఏం బావా, ఇవాళ దార్లో ఎన్నిసార్లు ఆగావు?"

"నాలుగేరా."

"పెళ్లికూతురు నయం!"

రెండేళ్లుగా అంతే. వంద అడుగులు వేస్తే పిక్క పట్టేసేది, కాసేపు నిలబడితే వదిలేది. సిగరెట్ ముట్టించుకోవడానికి ఆగినట్టు నటించేవాడు మహానుభావుడు. ఆ పొగే లోపల నెత్తురు దారిని ఇంకాస్త బిగిస్తోందని ఆయనకెవరు చెప్పారు గనక? నెలరోజులు బొటనవేలు నిప్పులో పెట్టినట్టు మండింది. మొన్న ఆ మంట కాస్తా పోయింది. పీడ విరగడైందనుకున్నాడు పాపం.

సాయంత్రం పెరట్లో కుళాయి దగ్గర పీట మీద కూర్చుంటే, భార్య రాయితో పాదాలు రుద్దింది. పెళ్లయిన నాటినుంచీ ఇద్దరికీ తీరిక దొరికేది ఆ పావుగంటే.

"వారం నుంచి రుద్దుతున్నా. ఈ వేలు అచ్చం నీలాగే మొండిఘటం."

మడమ తేటపడింది. మిగతా వేళ్లూ తేటపడ్డాయి. బొటనవేలు మాత్రం బొగ్గులా ఉంది. ఇంకా గట్టిగా రుద్దింది.

"మండట్లేదూ?"

"ఇంతకీ ఎక్కడ రుద్దుతున్నావే?" అన్నాడాయన, గోడ మీద పిట్టను చూస్తూ.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వేలు పట్టుకు చూసింది. అంత ఎండాకాలంలోనూ అది చల్లగా ఉంది.

"రంగు కాదమ్మా ఇది," అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. "కాలికి నెత్తురు తెచ్చే నాళం పూడుకుపోయింది. నెత్తురందక కండ చచ్చిపోయింది, నొప్పి తెలిపే నరమూ చచ్చింది. కుళ్లు పైకి పాకుతోంది. మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కొచ్చు."

"చచ్చిన వేలిని పట్టుకుని తిట్టానయ్యా," అని భోరుమంది ఆవిడ.

"ఊరుకోవే. ఇన్నేళ్లలో నువ్వు రుద్దితే పోని రంగుందా? ఇదీ రేపు పోతుందిలే అనుకున్నా."

కాలు తీశారు. అప్పటికే విషం ఒళ్లంతా పాకింది. మూడో రోజు పొద్దున ఆవిడ మంచినీళ్లు పట్టుకొచ్చేసరికి, ఎవరినీ పిలవకుండానే వెళ్లిపోయాడు.

నెల తిరిగాక ఒక సాయంత్రం, పక్క తొట్టిలో తొక్కే ఆవిడ తమ్ముడు పని నుంచి నేరుగా వచ్చాడు. కాళ్లు కడుక్కుందామని రాయి అందుకోబోయాడు.

"అది ముట్టుకోకురా. ఇలా కూర్చో."

ఆవిడ ఉత్త చేతులతోనే వాడి పాదాలు కడిగింది. ఒక్కొక్క వేలూ గట్టిగా నొక్కింది.

"నొప్పుందా?"

"ఉందక్కా."

"ఇక్కడ?"

"అబ్బా! ఉందక్కా."

"ఉండనీ," అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కుళాయి పక్కన, మధ్యలో ఆయన మడమంత గుంటపడ్డ ఆ రాయి పొడిగా ఉంది.