జల్లెడలో పడిన ఓట్లు

థెల్మా సంచీ సర్దుకుంది. రెండు గౌన్లు, దువ్వెన, పెళ్ళికి మొగుడు లెన్ కొనిచ్చిన శాలువా. పిడి ఉన్న జల్లెడ ఒక్కటే బయట ఉంచింది, రాత్రి వంటకి కావాలి గనక.

గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాల్లో ఒక రివాజు ఉంది. తిండి నచ్చకపోతే ఓట్లేసి వంటమనిషిని పంపించేస్తారు. ఆ పొద్దున ఆమె కాచిన జావ ఉండలు కట్టింది. రొట్టెలో పురుగులొచ్చాయి.

"రాత్రి భోజనమయ్యాక ఓటేస్తాం. తెల్లారి లారీకి సంచీ సర్దుకుని ఉండు తల్లీ," అన్నాడు ముఠాపెద్ద క్లెమ్.

లెన్ ఈ ముఠాలోనే కత్తెర పడతాడు. పెళ్ళయి మూడు నెలలు. తను లారీ ఎక్కితే మళ్ళీ అతని మొహం చూసేది కత్తిరింపుల కాలం అయ్యాకే. రైలు స్టేషన్లో చెయ్యి ఊపి వెళ్ళిపోయిన వాళ్ళెందరో ఆమె కళ్ళలో ఇంకా ఊపుతూనే ఉన్నారు. ఇంకొకణ్ణి చేర్చుకునే ఓపిక లేదు.

మునుపటి వంటవాడు పోట్లాడి పోతూ గిన్నెలూ గరిటెలూ పట్టుకుపోయాడు. రెండు కుండలు మిగిలాయి. మిగతాదంతా అమ్మ ఇచ్చిన ఈ జల్లెడే.

పిండి జల్లించి పురుగుల్ని కోళ్ళకి పారేసింది. కడిగిన మాంసం మీద జల్లెడనే బోర్లించి ఈగల్ని ఆపింది. ఉడికిన బంగాళాదుంపల్ని అందులో వేసి గ్లాసు అడుగుతో అదిమితే వెన్నలా దిగాయి. తరవాత తడిబట్ట పరిచి, తీపి పిండి పోసి, మరిగే కుండ మీద పెట్టి మూత వేసింది. వాయ తరవాత వాయ, పొద్దుగూకే దాకా.

టీ వేళకి లెన్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "టీ వడపోసేదాంతో యుద్ధమా?"

"నువ్వెళ్ళి గొర్రెల్ని చూసుకో. నాకు చెమటలు పడుతున్నాయి."

రాత్రి మాంసం పులుసుని కూడా జల్లెడలోంచే పోసింది. ఒక్క ఉండ లేదు. తీపి ముక్కలకి జామ్ రాసి పెడితే క్లెమ్ మూడోది అడగడానికి సిగ్గుపడి, పక్కవాడి పళ్ళెంలోది లాక్కున్నాడు.

"సరే, ఓట్లు. వెయ్యడానికి ఎవరి టోపీ ఇస్తారు?" అన్నాడు.

"మీ టోపీలు నా బల్ల మీద పెట్టకండి," అంది థెల్మా. జల్లెడ తుడిచి నల్లటి భోజనాల బల్ల మీద పెట్టింది. "ఉండమనే వాళ్ళు ఎండు బఠానీ వెయ్యండి. పొమ్మనే వాళ్ళు చిటికెడు పిండి."

"పిండి కిందికి జారిపోతుంది కదే, గడుసుదానా," అన్నాడు క్లెమ్.

"జారనీ. బల్ల మీద తెల్లగా కనపడుతుంది. దాచడానికేం లేదు."

దీపం తగ్గించి ఒక్కొక్కరూ వచ్చి వేసి వెళ్ళారు. లెన్ లేవబోతే క్లెమ్ భుజం పట్టి కూచోబెట్టాడు. "ఒరే, నీ ఓటు చెల్లదు. నువ్వు పెళ్ళినాడే వేశావు."

థెల్మా జల్లెడ ఎత్తింది. బఠానీలు గలగలమన్నాయి. కింద బల్ల నల్లగా, మచ్చ లేకుండా ఉంది. చూపుడువేలితో తడిమి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"రేపు జావ కూడా అందులోంచే పొయ్యి," అన్నాడు క్లెమ్. అందరూ బల్ల చరిచారు. ఆమె లోపలికెళ్ళి సంచీ బోర్లించేసి, శాలువా మేకుకి తగిలించింది.

ఆ వంటకే మరుసటి ఏడు క్లెమ్ ముఠా ఆమెను వదల్లేదు. లెన్‌కి మాత్రం ఎక్కడో దూరాన క్వీన్స్‌లాండ్ ముఠాలో పని దొరికింది. ఈసారి సంచీ అతనిది, సర్దింది ఆమె. చెయ్యి ఊపి వెళ్ళిన లెన్ తిరిగి రాలేదు. అతను వెళ్ళింది 1957, జూన్ నెలలో.